మంచు సరస్సుపై చేపల వేటకు వెళ్తున్నారా? ఎన్ని అంగుళాల మందం ఉంటే సేఫ్.. ఎలా కొలవాలంటే?

కోడేరు, కొల్లాపూర్ వైపు చెరువు గడ్డకట్టడం ఎవరూ చూసి ఉండరు. మనకు ఐస్ అంటే సోమశిల చేపల పెట్టెల్లో వేసే దిమ్మలే. కానీ చదువుకో, ఉద్యోగానికో అమెరికా, కెనడా వెళ్లిన మనోళ్లకు డిసెంబర్ వస్తే చాలు.. గడ్డకట్టిన సరస్సు మీద నడవాలి, ఫొటో దిగాలి, ఫ్రెండ్స్‌తో కలిసి ఐస్ ఫిషింగ్ చేయాలి అనిపిస్తుంది. పైకి సీసీ రోడ్డులా గట్టిగా కనిపించే ఆ మంచు ఎక్కడ ఎంత మందం ఉందో చూపుతో చెప్పడం ఎవరి వల్లా కాదు.

2022 డిసెంబర్ 26న అరిజోనాలోని వుడ్స్ కాన్యన్ లేక్‌లో జరిగింది ఇదే. గడ్డకట్టిన సరస్సుపై నడుస్తుండగా మంచు పగిలి ముగ్గురు భారతీయులు నీళ్లలో పడి చనిపోయారు. వారిలో ఉమ్మడి గుంటూరు జిల్లాకు చెందిన దంపతులు ఉన్నారు. అరిజోనా అంటే ఎడారి రాష్ట్రం కదా అనుకుంటాం. కానీ ఈ సరస్సు ఎత్తైన కొండ ప్రాంతంలో ఉంటుంది.

ఎంత మందం ఉండాలి?
అమెరికాలో ఐస్ ఫిషింగ్‌కు పేరున్న మిన్నెసోటా రాష్ట్ర సహజ వనరుల శాఖ లెక్క ప్రకారం.. మనిషి నడవాలంటే కనీసం 4 అంగుళాలు, అంటే సుమారు 10 సెంటీమీటర్ల గట్టి మంచు ఉండాలి. స్నోమొబైల్‌కు 5 నుంచి 7 అంగుళాలు, చిన్న కారుకు 9 నుంచి 10 అంగుళాలు అవసరం. ఈ లెక్క కొత్తగా గడ్డకట్టిన, అద్దంలా స్వచ్ఛంగా ఉన్న మంచుకు మాత్రమే. తెల్లగా, పాలలా కనిపించే మంచుకు అందులో సగం బలమే ఉంటుంది. కాబట్టి మందం రెట్టింపు ఉండాలి. బూడిద రంగులో, తడితడిగా ఉంటే మాత్రం అస్సలు అడుగు పెట్టొద్దు.

కొలిచేది ఇలా..
అక్కడివాళ్లు ఐస్ చిజెల్ అనే పరికరం వాడతారు. చూడ్డానికి మన గడ్డపారలాగే ఉంటుంది. ఒడ్డు నుంచే దాంతో ముందు గట్టిగా పొడుస్తూ, నిలిచిన చోటే అడుగు వేస్తూ వెళ్లాలి. ఒకట్రెండు పోట్లకే దిగబడి నీళ్లు వచ్చాయంటే అక్కడి నుంచే వెనక్కి తిరగాలి. తర్వాత ఐస్ ఆగర్‌తో (బర్మాలా తిప్పితే రంధ్రం పడుతుంది), లేదా పొడవైన బిట్ పెట్టిన కార్డ్‌లెస్ డ్రిల్‌తో రంధ్రం చేయాలి. టేపు కొక్కేన్ని రంధ్రంలోకి దించి, మంచు అడుగు అంచుకు తగిలించి చూస్తే మందం తెలిసిపోతుంది. పైనున్న స్నో, బురద మంచు లెక్కలోకి రావు.

ఒక్కచోట కొలిస్తే సరిపోదు. కనీసం ప్రతి 150 అడుగులకు మళ్లీ కొలవాలి. వాగు కలిసే చోట, ఊట ఉన్న చోట, వంతెనల కింద నీరు కదులుతూ ఉంటుంది కాబట్టి మంచు పల్చగా ఉంటుంది. ఇంకో విషయం.. పైన స్నో బాగా కురిస్తే మంచు ఇంకా గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది గొంగడి కప్పినట్టు చలిని లోపలికి పోనివ్వదు, గడ్డకట్టడాన్ని నెమ్మది చేస్తుంది. నిన్న ఎవరో నడిచారని, పక్కన ఎవరి బండో ఉందని కొలవకుండా వెళ్లడం అంతకంటే పెద్ద పొరపాటు.

పడిపోతే?
చల్లటి నీటిపై పరిశోధనలు చేసిన కెనడా ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పే లెక్క 1-10-1. మొదటి 1 నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవాలి. తర్వాత 10 నిమిషాల వరకే చేతులు, కాళ్లు మాట వింటాయి. స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట పడుతుంది, అయితే అప్పటిదాకా తల నీటిపైన ఉండాలి. అందుకే లైఫ్ జాకెట్ తప్పనిసరి. ఏ వైపు నుంచి వచ్చారో అటే తిరగండి, అటువైపు మంచు మీ బరువును మోసింది కాబట్టి. మెడలో వేలాడదీసుకున్న ఐస్ పిక్స్‌ను మంచులో గుచ్చి, కాళ్లు తన్నుతూ పైకి పాకాలి. బయటపడ్డాక లేచి నిలబడొద్దు, దొర్లుతూ ఒడ్డుకు రావాలి.

పక్కనున్నవాళ్లు పరుగెత్తుకుంటూ దగ్గరికి వెళ్లొద్దు. ముందు 911కి ఫోన్ చేసి, ఒడ్డు నుంచే తాడో, పొడవైన కర్రో అందించాలి.