ఊపిరియు స్మృతియు

క్లోరోఫారమిచ్చినపుడు రోగులు కొందఱు హఠాత్తుగా మరణించుచుండగా, మొదట నాగునది గుండెయా, ఊపిరియా యని వైద్యులు పూర్వము వాదించుచుండిరి. ఈ వివాదమును మన సికింద్రాబాదు పొరుగుననే, హైదరాబాదులో పరీక్షించిరి. రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డు లారీ ప్రేరణమున, నిజాము ద్రవ్యసాహాయ్యముతో, 1888, 1889 సంవత్సరములలో రెండు సంఘములు జంతువులపై శోధించి, ఊపిరియే మొదట నాగునని తీర్మానించినవి. ఊపిరిని కనిపెట్టుడను బోధ మంచిదే. గుండెకు భయములేదను మాట నిలువలేదు. గుండెయే ముందుగా లయ తప్పి యాగవచ్చునని 1911లో లేవీ చూపెను.

1960లో అమెరికా పరిశోధకులు ఱొమ్మును నొక్కి రక్తమును నడిపించు పద్ధతిని ప్రకటించిరి. ఆగిన గుండె మరల నాడెను. కాని బ్రదికినవారిలో కొందఱు నిన్నటి మాట నేడు మఱచుచుండిరి. రక్తమందనిచో మెదడు నాలుగైదు నిమిషములకే చెడనారంభించును. అందు క్రొత్త విషయములను నిలుపుకొను భాగము మిక్కిలి సుకుమారము. శరీరమును చల్లార్చిన మేలని 2002లో తోచెను. జ్వరమును రానీయకుండుటకంటె నది మిన్నకాదని 2021లో తేలెను.

శాస్త్రము తన తప్పును దిద్దుకొనుచునే యున్నది. నిమిషముల విలువ మాత్రము మాఱలేదు. ఏండ్లకొలది కూర్చిన విద్య యా నిమిషములలో పోవచ్చును. కావున, కూలినవాడు పలుకక, సరిగా ఊపిరి తీయనిచో, 108కి కబురంపి, సహాయము వచ్చువఱకు ఱొమ్ము నడుమ గట్టిగా, నిమిషమునకు నూఱుసార్లకు తగ్గక నొక్కుటను ఇంటింటను ఆడువారును మగవారును నేర్వవలెను.