ఏ ఊరి సాయిబుకి ఆ ఊరి కూడు

సాయిబుల ఇల్లంటే బిరియానీయేనని బయటివాళ్లు అనుకుంటారు. మనలోనూ కొందరు తమ ఖాన్‌దాన్ ఇరాన్ నుంచి దిగిందని చెప్పుకుంటూ, దూదేకులవాళ్లతో ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చోడానికి వెనకాడతారు. ఈ ఇద్దరూ ఇరాన్ వంటింట్లోకి ఒకసారి తొంగి చూడాలి.

ఇరాన్‌లో కూడా వంట ఒకటి కాదు. కాస్పియన్ ఒడ్డున వానలు పడే గీలాన్‌లో వరి పండుతుంది, అన్నమే తిండి. వంకాయని నిప్పుల మీద కాల్చి, వెల్లుల్లి, టమాటా, గుడ్డు కలిపి 'మీర్జా ఖాసెమీ' చేస్తారు. వానల్లేని పీఠభూమిలో రొట్టే ఆధారం. అక్కడి బీదవాళ్ల కుండ 'ఆబ్‌గూష్త్'. కాస్త మాంసం, శనగలు, బోలెడు నీళ్లు. ముందు రసంలో రొట్టె నానేసుకుని తింటారు, తర్వాత మాంసం, శనగలు మెదిపి తింటారు. చుట్టం వస్తే ఇంకొంచెం నీళ్లు పోస్తారు. దక్షిణాన బుషెహర్, బందర్ అబ్బాస్ తీరంలో 'ఖలియే మాహీ' వండుతారు. చేప, కొత్తిమీర, మెంతాకు, వెల్లుల్లి, చింతపండు. మన చేపల పులుసుకి దగ్గర చుట్టమే. చింతపండుని ఫార్సీలో 'తమ్రె హిందీ' అంటారు, అంటే హిందూదేశపు ఖర్జూరం.

మతాన్ని బట్టి కూడా గిరిగీసుకోలేదు. ఇస్లాం కన్నా ముందునుంచీ ఉన్న నౌరోజ్ పండగకి ముస్లింలు ఆకుకూరల పులావ్, చేప వండుకుంటారు. టెహరాన్ యూదులు శనగపిండి, కోడిమాంసం ఉండలు కట్టి 'గోందీ' చేస్తారు. బియ్యాన్ని ఉప్పునీళ్లలో నానబెట్టి, ఉడికించి, గంజి వార్చి, మూతకి గుడ్డ చుట్టి దమ్ ఇవ్వడం అందరికీ తెలిసిన పద్ధతే. అడుగున ఎర్రగా మాడిన 'తహ్‌దీగ్' కోసం పిల్లలు పోట్లాడుకుంటారు.

సఫవీ కాలంలో 1521లో ఒకటి, 1594లో ఒకటి, ఇద్దరు బావర్చీలు రాసిన వంట పుస్తకాలు మిగిలాయి. వాటిలో ఉన్నది గొప్పింటి వంట. ఆబ్‌గూష్త్‌లో నీళ్లు పోసి పదిమంది కడుపు నింపిన తల్లుల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. మన అమ్మల పేర్లూ లేవు.

కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీది హమదాన్. 1591లో మొదలైన హైదరాబాద్ నగర నిర్మాణంలో ముఖ్యుడైన మీర్ మోమిన్‌ది అస్తరాబాద్. దమ్, పులావ్, దస్తర్‌ఖాన్ ఫార్సీ మాటలే, కాదనం. ఇరాన్ నడిబొడ్డున పులుపు కావాలంటే దానిమ్మ రసం, ఎండు నిమ్మకాయ వేస్తారు. హైదరాబాద్ ఖట్టీ దాల్‌లో, బఘారా బైంగన్‌లో మాత్రం చింతపండు పడింది. దొరల నాలుకని కూడా ఈ నేలే మార్చింది.

గీలాన్ ముస్లిం తిండీ బుషెహర్ ముస్లిం తిండీ వేరైనా, ఎవరి ఇస్లామూ తగ్గలేదు. మరి జొన్నరొట్టె, గోంగూర తినే పల్లెటూరి సాయిబు ఎట్లా తక్కువ ముస్లిం అవుతాడు? ఇదే మట్టిలో పండింది తింటున్నవాడు ఎట్లా పరాయివాడు అవుతాడు?