మాధవరపు సిపాయి పేరు



పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెమునకు సమీపమున మాధవరమను గ్రామము కలదు. మిలిటరీ మాధవరమనియే దానికి వాడుక. మొదటి ప్రపంచయుద్ధమునకు ఆ యొక్క యూరినుండియే 90 మంది పోయిరని గ్రామస్థులు చెప్పుదురు. రెండవ యుద్ధమునకు వేయిమందికి పైబడి పోయిరట.

వీరు పోవుటకు ముందు జరిగిన విపరీతమొకటి కలదు. రాబర్ట్సు సేనాని 1881 మొదలు 1885 వరకు మద్రాసు సైన్యమునకును, పిదప యావద్భారత సైన్యమునకును అధిపతియై, దక్షిణాదివారు యుద్ధమునకు తగరని తలచెను. ఆ మాట పట్టుకొని తెలుగువారిని పటాలములలో చేర్చుకొనుట తగ్గించివేసిరి. 1914లో వచ్చిన యుద్ధము ముదిరి జనము చాలకపోగా మరల తెలుగు పల్లెలకే వచ్చిరి. అవసరము పడినప్పుడు జాతిగుణము మారును గాబోలు!

కాలిబంటుగా చేరిన కుఱ్ఱవానికి నెలకు 11 రూపాయలు జీతము. 1917లో బత్తెము ఉచితము చేసి, క్రొత్తగా చేరువారికి 50 రూపాయలు బహుమాన మేర్పరచిరి. భూమిలేని యింటి కది చిన్న మొత్తము కాదు.

మద్రాసు రాజధాని సైనికులు పలువురు మెసపటేమియాకు, అనగా నేటి ఇరాకునకు, ఓడలమీద పోయిరి. కాలువగట్లపై పెరిగినవానికి నదియు వరదయు క్రొత్తవి కావు. కాని మన గోదావరి ఆషాఢ శ్రావణములలో పొంగును; అచ్చటి టైగ్రిసు కొండలమీది మంచు కరగి చైత్ర వైశాఖములలో పొంగును. 1916 వసంతమున, కూట్ పట్టణములో తురుష్కుల ముట్టడికి చిక్కిన సేనను విడిపింపబోయినవారికి గుండ్లతోపాటు కందకములలో చేరిన ఆ నీరును శత్రువయ్యెను. ఎండలు ముదిరిన పిదప జ్వరములు, విషూచి.

ఆ దేశమున మడిసి, సమాధి తెలియరాని 40,000 మందికి పైగా వీరులకొరకు బస్రాలో 1929లో స్మారకము నిలిపిరి. తెల్లవారిలో సాధారణ సిపాయివరకు పేర్లు చెక్కిరి. మనవారిలో అధికారుల పేర్లు మాత్రమే చెక్కిరి. తక్కినవారికి పటాలము పేరు, దాని ప్రక్క నొక అంకె. అంతే. ఇట్టి పక్షపాతము జరిగినదని ఆ స్మారకములను పాలించు కామన్వెల్తు సంస్థయే 2021లో విచారణ ముగించి యొప్పుకొని, క్షమాపణ చెప్పెను. గోత్రనామములు చెప్పి నువ్వులు నీళ్లు విడుచువారము మనము. అంకెకు తర్పణ మెట్లు విడుతుము?

అయినను పేరు పూర్తిగా పోలేదు. యుద్ధానంతరము సిపాయిల కిచ్చిన వెండిపతకపు అంచున వాని సంఖ్య, పేరు, పటాలము చెక్కియుండును. మడిసినవారి కుటుంబములకు అరచేతికంటె వెడల్పైన కంచుబిళ్ల నిచ్చుచుండిరి. దానిపై హోదా వ్రాయలేదు, పేరే యుబ్బెత్తుగా పోతపోసియుండును. తాతల పెట్టెలు వెదకుడు. కంసాలికి తూచి యిచ్చుటకు ముందు అంచు త్రిప్పి చదివించి, ఆ పేరును ఊరి బడిలో నొక పుస్తకమున వ్రాయించుడు. అక్షరము లింగ్లీషువి, మిక్కిలి చిన్నవి. ఎండలో ఏటవాలుగా పట్టినచో కనబడును.