క్లిప్పులు ఏడేళ్లకా, పన్నెండేళ్లకా?

ఎదిగే పిల్లల పలువరస సరిచేసే డాక్టరుకు మిగతా వైద్యులకు లేని సౌకర్యం ఒకటుంది. ఆయన ఏం చేసినా, చెయ్యకపోయినా పిల్లల దవడ పెరుగుతూనే ఉంటుంది. రెండేళ్ల తర్వాత ముఖం చక్కబడితే ఆ ఘనత క్లిప్పులదా, వయసుదా? పాలపళ్ళు ఊడే వయసులో ఒక విడత, పన్నెండేళ్ల ప్రాంతంలో మరో విడతగా చేసే వైద్యం చరిత్ర పొడుగునా ఈ చిక్కే కనిపిస్తుంది.

చిన్నప్పుడే చెయ్యి పెట్టాలన్న ఆలోచన పాతదే. ఫ్రాన్స్‌లో పియర్ ఫోషార్ 1728లో అచ్చువేసిన గ్రంథంలో వంకర పళ్ళను లోహపు బద్దకు దారంతో కట్టి సర్దే పద్ధతి ఉంది. 1743లో రొబేర్ బ్యూనాన్ మరో దారి చెప్పాడు: కొన్ని పాలపళ్ళను ముందే తీసేస్తే వెనక వచ్చేవాటికి చోటు దొరుకుతుందని. ఆ మాట ఒక పద్ధతిగా కుదురుకోవడానికి దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది. స్వీడన్‌లో బిర్యెర్ షెల్‌గ్రెన్ 1929లో దానికి పేరు పెట్టాడు. ముందు పాల కోరపళ్ళు, తర్వాత పాల దవడపళ్ళు, చివరికి కోరపళ్ళ వెనకుండే శాశ్వత దంతాలు నాలుగు వరసగా తీస్తారు. మరీ ఇరుకైన నోటికి ఇది ఇప్పటికీ పనికొస్తుంది. కాని లెక్క తప్పితే మాత్రం తీసిన పన్ను తిరిగి రాదు.

ఇరుకుకు రెండో మందు దవడనే వెడల్పు చెయ్యడం. 1860లో శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన ఎమర్సన్ ఏంజెల్ పద్నాలుగేళ్లు దాటిన ఒక అమ్మాయి పై పళ్ళ మధ్య అడ్డంగా మర అమర్చి, రోజూ తిప్పుకోమన్నాడు. రెండు వారాల్లో ముందు పళ్ళ మధ్య సందు తెరుచుకుంది. అంగిలి నడుమ ఉండే ఎముక అతుకే విడిందన్నాడాయన. ఎక్స్‌రేలు కనుక్కోవడానికి ఇంకా 35 ఏళ్లున్న కాలమది. చూపించడానికి రుజువు లేదు, వృత్తిలో పెద్దలు నమ్మలేదు. అమెరికాలో ఆ మరకు మళ్ళీ పరువు తెచ్చినవాడు ఆండ్రూ హాస్, 1961లో. వయసు పెరిగేకొద్దీ ఆ అతుకు బిగుసుకుపోతుంది. తొందరపడటానికి శరీరమే చెప్పే ఇలాంటి కారణాలు ఈ వైద్యంలో చాలా తక్కువ.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో ఎడ్వర్డ్ ఏంగిల్ మాటే వేదం. పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరును ఆయన 1899లో మూడు తరగతులు చేశాడు. 1928లో నేటి బ్రాకెట్లకు మూలమైన అమరికను ప్రకటించాడు. పంటి పంటికీ తొడిగే ఆ సరంజామాకు శాశ్వత దంతాలు వచ్చి ఉండాలి గనుక పన్నెండేళ్ల వయసే దానికి అనువు. యూరప్ దారి వేరు. డెన్మార్క్ వైద్యుడు విగ్గో ఆండ్రెసెన్ తన కూతురు వేసవి సెలవులకు వెళ్తుంటే పళ్ళకున్న తీగలు తీసేసి, కింది దవడను ముందుకు నిలిపే వదులైన పలక నోట్లో పెట్టి పంపాడు. సెలవులయ్యేసరికి పళ్ళు ఇంకా మెరుగుపడ్డాయి. తర్వాత ఓస్లోలో కార్ల్ హాయ్‌ప్ల్‌తో కలిసి దాన్నొక వైద్యవిధానంగా పెంచాడు. కండరాల కదలికే దవడను పెంచుతుందని వారి వాదన. జర్మనీలో ఇది పాకడానికి శాస్త్రంతో సంబంధం లేని కారణం కూడా ఉంది. నాజీ ప్రభుత్వం పళ్ళ వైద్యంలో విలువైన లోహాల వాడకాన్ని నిషేధించింది. ఏంగిల్ తీగలకు బంగారం కావాలి, ఈ పలకకు అక్కర్లేదు. తూర్పు జర్మనీలో రోల్ఫ్ ఫ్రెంకెల్ పరికరం, 1977లో స్కాట్లండ్‌లో విలియం క్లార్క్ ట్విన్ బ్లాక్ ఈ వంశంలోవే.

కథ బాగుంది. కాని ఆండ్రెసెన్ కూతురి నోట్లో ఆ పలక లేకపోతే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? ఆ ప్రశ్నకు కొంత సామగ్రి క్లీవ్‌లాండ్‌లో తయారైంది. తల కదలకుండా పట్టి ఎక్స్‌రే తీసే పరికరాన్ని హాలీ బ్రాడ్‌బెంట్ 1931లో ప్రకటించి, వేలమంది ఆరోగ్యవంతులైన పిల్లల ఎదుగుదలను కొలిచాడు. ఏడెనిమిదేళ్లప్పుడు విచ్చుకుపోయినట్టు కనిపించే పై ముందు పళ్ళు చాలామందిలో కోరపళ్ళు దిగాక వాటంతటవే దగ్గరవుతాయని వివరించింది ఆయనే. మన ఇళ్ళలో ఆ సందు చూసి బెంగపడని తల్లి అరుదు.

అసలు పరీక్ష 1990లలో జరిగింది. అమెరికాలో నార్త్ కరోలినా, ఫ్లోరిడా విశ్వవిద్యాలయాల్లో ఎత్తుపళ్ళ పిల్లలను చీటీలు వేసినట్టు విడగొట్టారు. కొందరికి వెంటనే వైద్యం, కొందరికి కేవలం పరిశీలన. నార్త్ కరోలినాలో తొలి విడత వైద్యం అందిన పిల్లల్లో దాదాపు 75 శాతం మందికి దవడ పెరుగుదల అనుకూలంగా కనిపించింది. పండగే అనుకున్నారు. తీరా అందరికీ కౌమారంలో మామూలు క్లిప్పులు వేశాక, 2004లో వచ్చిన తుది ఫలితాల్లో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. బ్రిటన్‌లో కెవిన్ ఓబ్రయన్ బృందం 8 నుంచి 10 ఏళ్ల 174 మంది పిల్లలపై ట్విన్ బ్లాక్‌ను ఇలాగే పరీక్షించింది. మొదట్లో పిల్లల ఆత్మవిశ్వాసం పెరిగింది, వెక్కిరింపులు తగ్గాయి. 2009 నాటికి ఆ తేడా కూడా చెరిగిపోయింది. ఈ పరీక్షలన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్షకు నిలకడగా కనిపించిన లాభం ఒకటే: చిన్నప్పుడే ఎత్తుపళ్ళు తగ్గిస్తే పడినప్పుడు ముందు పళ్ళు దెబ్బతినే ప్రమాదం తగ్గుతుంది. వెక్కిరింపులు పడ్డ ఆ రెండు మూడేళ్లు పిల్లలకు చిన్నవేం కావు, తుది కొలతల్లో అవి కనిపించవు గాని.

ఏడేళ్లకు ఒకసారి చూపించమని అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం ఇప్పటికీ చెబుతుంది. చూపించడం వేరు, మొదలుపెట్టడం వేరు. 2018లో చిన్నపిల్లల కోసమే ఇన్విజలైన్ ఫస్ట్ పేరుతో పారదర్శక అలైనర్లు బజారుకు వచ్చాక ఈ తేడా ఇంకా పలచబడింది.

అయితే చీటీల పద్ధతి తొందరను ప్రతిసారీ ఓడించలేదు. కింది దవడ ముందుకొచ్చిన పిల్లలకు నుదుటినీ గడ్డాన్నీ ఆసరా చేసుకుని పై దవడను ముందుకు లాగే మాస్కు ఉంది. దానికి ప్రచారం తెచ్చింది ఫ్రాన్స్‌లోని నాంత్‌కు చెందిన జాన్ దెలేర్. బ్రిటన్‌లో 7 నుంచి 9 ఏళ్ల పిల్లలపై దాన్ని పరీక్షించి ఆరేళ్లు కనిపెట్టి చూశారు. దవడకు శస్త్రచికిత్స అవసరమని నిపుణులు తేల్చినవారు మాస్కు పెట్టుకోని గుంపులో 66 శాతం, పెట్టుకున్నవారిలో 36 శాతం.