దాతల కళ్ళెదుట రాసిన ఉత్తరాలు: ఎలియేజర్ వీలాక్ పత్రాల పునఃపరిశీలన

జేమ్స్ డో మెకల్లం 1932లో వెలువరించిన లేఖాసంపుటికి ‘ఎలియేజర్ వీలాక్ ఇండియన్ల ఉత్తరాలు’ అని పేరు పెట్టాడు. 18వ శతాబ్దంలో కనెటికట్ పాదిరి వీలాక్ మూలవాసి పిల్లల కోసం నడిపిన బడి గురించి ఆ తర్వాత రాసినవాళ్ళలో ఆ సంపుటిని దగ్గర పెట్టుకోకుండా రాసినవాళ్ళు అరుదు. దానితో నాకున్న పేచీ పాఠశుద్ధి గురించి కాదు. ఆ పని అతను నిజాయితీగానే చేశాడు, పిల్లల అక్షరదోషాల్ని కూడా దిద్దకుండా ఉంచాడు. పేచీ అంతా అమరిక దగ్గర. ఒక పెద్ద కాగితాల రాశిలోంచి మూలవాసి విద్యార్థుల ఉత్తరాల్ని ఏరి, తెగలవారీగా, మనిషివారీగా కూర్చాడు. అక్కడక్కడ వీలాక్ జవాబులు, ఇతరుల ఫిర్యాదులు చేర్చాడు, నిజమే. కానీ ఒక ఉత్తరం వచ్చిన వారంలో వీలాక్ ఏ దాతకు ఏం రాశాడో, చిట్టాలో ఆ కుర్రవాడి పేరున ఎంత ఖర్చు రాశాడో పాఠకుడికి తెలిసే దారి లేకుండా పోయింది. మిగిలింది వరసపెట్టి క్షమాపణలు, దీనాలాపాలు, పశ్చాత్తాపాలు. చదివినవాళ్ళు అదే ఆ పిల్లల స్వభావం అనుకున్నారు. 1981లో జేమ్స్ ఆక్స్‌టెల్ లాంటి పదునైన చరిత్రకారుడు కూడా ఈ బడిని విఫలమైన విద్యాప్రయోగంగా అంచనా కట్టాడు తప్ప, ఆ వైఫల్యానికి సాక్ష్యం చెబుతున్న కాగితాలు ఎందుకు పుట్టాయన్న ప్రశ్నను ముందుకు తేలేదు.

డార్ట్‌మత్ కాలేజీ గ్రంథాలయంలోని వీలాక్ పత్రాల్లో అతనికి వచ్చిన ఉత్తరాలతో పాటు అతను పంపినవాటి చిత్తుప్రతులు, నకళ్ళు, జమాఖర్చులు, విద్యార్థుల ఒప్పుకోలు పత్రాలు, బానిసల క్రయపత్రాలు కలిసి ఉన్నాయి. కనెటికట్‌లో ఒక పల్లె సంఘానికి పాదిరిగా ఉన్న మనిషి ఇన్ని కాగితాలు ఎందుకు దాచాడు? పద్ధతి గల మనిషి కాబట్టి అని సరిపెట్టుకోవడం సులువు. నా వాదం వేరు. ఇవి ఒక వ్యక్తి సొంత కాగితాలు కావు. పరాయి డబ్బుకు లెక్క చెప్పుకోవాల్సిన మనిషి కట్టి పెట్టుకున్న సాక్ష్యాల మూట ఇది.

ఈ అనుమానం నాకు న్యూ ఇంగ్లండ్ చరిత్ర చదివి కలగలేదు. నెల్లూరు, ఒంగోలు కేంద్రాలుగా పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్ లేఖలు, నివేదికలు చదువుతున్నప్పుడు కలిగింది. ఆ లేఖల్లో రాసినవాడూ అందుకున్నవాడూ కాక ఒక మూడో మనిషి ఎప్పుడూ ఉంటాడు. ఎక్కడో అమెరికాలో ఆదివారం ప్రార్థన ముగిశాక చందా వేసే మనిషి. అతన్ని ఒకసారి గుర్తుపట్టాక వీలాక్ పత్రాల్ని పాత పద్ధతిలో చదవడం నా వల్ల కాలేదు.

వీలాక్ 1733లో యేల్‌లో పట్టా పుచ్చుకున్నాడు. ఆ కాలేజీకి పేరిచ్చిన ఎలిహు యేల్ మద్రాసు సెయింట్ జార్జి కోటకు గవర్నరుగా చేసినవాడు. 1718లో అతను పంపిన సరుకు అమ్మితే వచ్చిన 562 పౌండ్లే ఆ పేరుకు మూలం. విరాళం ఇచ్చినవాడి పేరు కాలేజీకి పెట్టుకోవడం వీలాక్ తాను చదువుకున్న చోటే చూసిన సంగతి. తర్వాత తన కాలేజీకి డార్ట్‌మత్ ప్రభువు పేరు పెట్టినప్పుడు అతను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. 1735 నుంచి కనెటికట్‌లోని లెబనాన్ రెండో సంఘానికి పాదిరి. 1743 చివర సామ్సన్ ఆకమ్ అనే మొహీగన్ యువకుడు చదువు చెప్పమని అతని ఇంటికి వచ్చాడు. ఆ అనుభవం పునాదిగా 1754లో బడి మొదలైంది. 1763 నుంచి 1775 దాకా వీలాక్ బడి స్థితిగతుల మీద నివేదికలు అచ్చువేయిస్తూ వచ్చాడు. ఈ నివేదికల్ని ప్రచార సాహిత్యమనీ, రాతప్రతుల్ని అంతరంగ సాహిత్యమనీ విడదీసి చూడటమే మన పరిశోధనలో మొదటి తప్పటడుగు. ఆ అచ్చు నివేదికలకు ముడిసరుకు ఈ రాతప్రతులే.

డేవిడ్ ఫౌలర్‌ను తీసుకుందాం. మొంటాకెట్ యువకుడు, ఆకమ్‌కు బావమరిది. 1765లో ఒనైడాల మధ్య బడి నడపడానికి వెళ్ళాడు. అక్కడినుంచి రాసిన ఉత్తరాల్లో ఆకలి ఉంది, ఒంటరితనం ఉంది, పెళ్ళికి పిల్లను వెతుక్కోవాలన్న ఆత్రం ఉంది. పరిశోధకులు వాటిని ముచ్చటపడి ఉటంకిస్తారు. నాకు వాటికన్నా 1766 ఆగస్టు ముఖ్యం. ఖర్చుల విషయంలో మాట వచ్చింది. గర్విష్ఠి అనీ సోమరి అనీ తనకు పేరు పెడుతున్నారని ఫౌలర్ నొచ్చుకున్నాడు, తాను చేసిన చాకిరీని గుర్తుచేస్తూ ఉత్తరం రాశాడు. ఆగస్టు 26 నాటి జవాబులో వీలాక్ తనను తాను సమర్థించుకున్న తీరు చూడాలి. ఐరోపా, అమెరికా ఖండాల కళ్ళన్నీ నీమీదా నామీదా ఉన్నాయని అతను శిష్యుణ్ణి హెచ్చరించాడు.

ఆ సమయానికి ఆకమ్, పాదిరి నెథానియల్ విటేకర్ ఇద్దరూ బడి కోసం ఇంగ్లండులో చందాల యాత్రలో ఉన్నారు. అంటే ఒనైడా దేశంలో ఒక ఉపాధ్యాయుడి ఖర్చు లండన్‌లో వసూలవుతున్న ప్రతి షిల్లింగుకూ జవాబుదారీ అయింది. గురుశిష్యుల మధ్య మాటపట్టింపుగా మనం చదువుతున్నది నిజానికి ఒక ట్రస్టీ, అతని గుమాస్తా మధ్య తగాదా. వీలాక్ ఆ జవాబు పాఠాన్ని దాచుకున్నది కూడా అందుకే. రేపు ఎవరైనా అడిగితే, దుబారాను నేను అదుపులో పెట్టానని చూపడానికి కాగితం కావాలి. మెకల్లం సంపుటిలో ఫౌలర్ విభాగం చదివినవాడికి కనిపించేది రోషం ఎక్కువైన ఒక కుర్రవాడు. తేదీల వరసలో మూట మొత్తం చదివినవాడికి కనిపించేది విటేకర్, ఆకమ్‌ల యాత్ర నీడ.

ఒప్పుకోలు పత్రాలదీ ఇదే కథ. నారగాన్సెట్ యువతి మేరీ సెక్యుటర్ పేరున 1768 మార్చిలో పుట్టిన పత్రం ఉంది. సారాకొట్టుకు వెళ్ళినందుకు, తాగినందుకు, వేళకాని వేళ దాకా అల్లరి మూకలో ఉన్నందుకు తప్పు ఒప్పుకుంటున్నట్టు. ఆ వాక్యాల బిగువు, పాపాన్ని అంశాలవారీగా పేర్చే తీరు సంఘ క్రమశిక్షణ తెలిసిన పాదిరివి. వారంలో ఒక్కరోజు మాత్రమే బడికి వచ్చి, మిగతా రోజులు ఇరుగుపొరుగు ఇళ్ళల్లో పనులు నేర్చుకోవాల్సిన ఆడపిల్లల కోసం వేసిన పథకంలో ఆ వాక్యాలు పుట్టే చోటు లేదు. న్యూ ఇంగ్లండ్ సంఘాల్లో తెల్లవాళ్ళు కూడా ఇలా ఒప్పుకోలు చెప్పుకునేవాళ్ళే. అయితే వాళ్ళ తప్పులు పరదేశపు చందాలతో ముడిపడినవి కావు. ఇక్కడ ప్రతి తప్పు పక్కనా దాన్ని సరిదిద్దిన రుజువు ఉండాలి. ఒప్పుకోలు ఆ రుజువు.

ఇదే మేరీ గురించి అదే సంవత్సరం జూన్ 21న నారగాన్సెట్ల బడిలో పంతులుగా ఉన్న ఎడ్వర్డ్ డీక్ వీలాక్‌కు ఒక ఉత్తరం రాశాడు. బడిలో చదివిన డెలవేర్ యువకుడు హెజకయా కాల్విన్ చెబుతున్న మాటల్ని అందులో ఏకరువు పెట్టాడు. మూలవాసి పిల్లలచేత పని ఎక్కువ చేయిస్తారనీ, చదువు సరిగ్గా దక్కనివ్వరనీ. మేరీ చెప్పులు కుట్టుకోవడానికి చిన్న గుడ్డముక్క అడిగితే, అది ఇండియన్లకు ఎక్కువే అని ఇవ్వలేదట. గుడ్డముక్క సంగతి చిన్నదిగా కనిపించవచ్చు. కానీ దాతలిచ్చిన గుడ్డ ఎవరి ఒంటిమీదికి చేరిందన్న ప్రశ్న అది. డీక్ అంత వివరంగా రాశాడంటే ఈ మాట వ్యాపిస్తే ఏమవుతుందో అతనికి తెలుసనుకోవాలి.

అంతకుముందే, 1767 నవంబరు 30న, నారగాన్సెట్ తండ్రి జాన్ డానియల్ రాసిన ఉత్తరం నా దృష్టిలో ఈ రాశి మొత్తానికీ తాళంచెవి. కొడుకు చార్లెస్‌ను పొలం పనికి పెట్టారని ఆయన ఫిర్యాదు. మీ బడి మావాళ్ళకు ఉచితమనుకున్నాను, సేద్యం నేర్పడానికి కాదు, క్రైస్తవ జ్ఞానం పెంచడానికి అనుకున్నాను అని ఆయన అంటాడు. సేద్యం తన కొడుక్కి తామే నేర్పుకోగలరు కదా! ఈ తండ్రి మాట్లాడుతున్నది పుత్రప్రేమ భాష ఒక్కటే కాదు. డబ్బు ఏ పనికని ఇచ్చారో ఆ ఒప్పందం భాష. బడి పోషకులకు ఏమని చెప్పుకుంటోందో ఆయనకు తెలుసు, ఆ మాటనే తిప్పి గురువు ముందు పెట్టాడు. బడిలో ఉన్నవాళ్ళూ, బడి బయట ఉన్నవాళ్ళూ, మూలవాసులూ తెల్లవాళ్ళూ అందరూ దాతల సమక్షంలో ఉన్నామని ఎరిగే కలం పట్టారని దీన్నిబట్టి రూఢిగా చెప్పవచ్చు.

ఆకమ్ రాతలు దీనికి పరాకాష్ఠ. 1765లో ఓడ ఎక్కకముందే, అతను మొదటినుంచీ క్రైస్తవంలో పెరిగినవాడేననీ వీలాక్ చూపిస్తున్నంత మార్పు అతనిలో ఏమీ రాలేదనీ బోస్టన్‌లో ప్రచారం లేచింది. దానికి జవాబుగా ఆకమ్ ఆ నవంబరులో ఒక పేజీ ఆత్మకథ రాయాల్సి వచ్చింది. అంటే అతని మొదటి ఆత్మకథ ఒక ధ్రువపత్రం. బ్రిటన్‌లో 300కు పైగా ప్రసంగాలు చేశాడు. రాజు మూడో జార్జి 200 పౌండ్లు ఇచ్చాడు. మొత్తం సుమారు 12,000 పౌండ్లు పోగయ్యాయి. తిరిగొచ్చాక 1768 సెప్టెంబరులో రాసిన రెండో ఆత్మకథ ఒక లెక్కతో ముగుస్తుంది. 12 ఏళ్ళ సేవకు తనకు 180 పౌండ్లు ముట్టాయనీ, ఇంకొకచోట మిషనరీకి అంత సొమ్ము ఒక్క ఏడాదికే పెట్టారనీ. ఇన్నాళ్ళూ దాతల కోసం లెక్కలు రాసినవాళ్ళకు ఆకమ్ తన లెక్క అప్పజెప్పాడు.

1769 డిసెంబరు 13న న్యూహాంప్‌షైర్ గవర్నరు జాన్ వెంట్‌వర్త్ కాలేజీకి సనదు ఇచ్చాడు. మరుసటి ఏడు బడి హానోవర్ అడవుల్లోకి కదిలింది. 1771లో మొదటి పట్టాలు నలుగురికి దక్కాయి, ఒక్కరూ మూలవాసి కాదు. అదే ఏడు జులై 24న ఆకమ్ వీలాక్‌కు ఉత్తరం రాశాడు. మీ కార్యం కోసం పరాయి దేశాల్లో నలుగురికీ వింతవస్తువునయ్యాను, నవ్వులపాలయ్యాను, మీ కాలేజీ మాత్రం తెల్లవాళ్ళదైపోయింది అని. డబ్బు తేవడానికి నిన్ను పనిముట్టుగా వాడుకున్నారు, పని తీరాక పట్టించుకోరు అని బోధకుడు జార్జి విట్‌ఫీల్డ్ ముందే అన్న సంగతి కూడా గుర్తుచేశాడు.

ఇంత కటువైన ఉత్తరాన్నీ, జాన్ డానియల్ ఫిర్యాదునూ వీలాక్ చింపేయకుండా దాచాడు కదా, దాతల కోసమే దాచేవాడు అలా చేస్తాడా అని అడగవచ్చు.

ఆ ప్రశ్న నా వాదాన్ని కదిలించదు. ఎందుకంటే ఇది ఒక్క వీలాక్ సంగతి కాదు, మిషన్ దస్తావేజులన్నిటి జన్మలక్షణం. 1878 జులై 3న ఒంగోలు దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన వార్తను చూడండి. తెలుగు మిషన్ పాదిరి జాన్ క్లౌ చుట్టూ ఉన్న చరిత్రలో ఆ అంకె నిలిచినంతగా ఆ 2,222 మందిలో ఒక్కరి గొంతు నిలవలేదు. అంకె అమెరికా దాకా వెళ్ళగలదు, గొంతు వెళ్ళలేదు. వీలాక్ విద్యార్థుల గొంతు మిగిలిందంటే దానికి కారణం వాళ్ళ అక్షరమే దాతలు కొన్న సరుకు కావడం. ఒంగోలు చుట్టూ మాదిగపల్లెల్లో కొన్న సరుకు సంఖ్య. 18వ శతాబ్దపు కనెటికట్ నుంచి 19వ శతాబ్దపు గుండ్లకమ్మ దాకా ఏది కాగితమెక్కాలో నిర్ణయించింది పాదిరి కాదు, చందాదారు.

ఎదురు రుజువు కూడా ఈ మూటలోనే ఉంది. హానోవర్‌కు వీలాక్ బానిసల్ని వెంట తీసుకుపోయాడు. బ్రిస్టర్, ఎక్సీటర్, క్లోయీ, సీజర్ లాంటి పేర్లు తెలుస్తాయి. అడవి కొట్టిన చేతుల్లో వాళ్ళ చేతులూ ఉన్నాయి. కానీ వాళ్ళ ఒప్పుకోళ్ళు లేవు, క్షమాపణలు లేవు, ఆత్మకథలు లేవు. వాళ్ళ గురించి ఏ దాతా అడగలేదు.

2022 ఏప్రిల్‌లో డార్ట్‌మత్ కాలేజీ ఆకమ్ పత్రాల్ని మొహీగన్ తెగకు తిరిగి అప్పగించింది. న్యాయమైన పని, ఆలస్యంగా జరిగింది. ‘ఆకమ్ సర్కిల్’ డిజిటల్ సంపుటి ముందే సిద్ధమై ఉండటం వల్ల కాగితాలు రెండుచోట్ల ఉన్నా పాఠాలు ఒకచోట దొరుకుతున్నాయి. అయినా అందులో చదివేవాళ్ళు వెతికేది మనిషి పేరు పెట్టే. ఇక ముందు ఎవరు సంపుటి కూర్చినా తేదీల వరసలో కూర్చాలని నా ప్రతిపాదన. ఫౌలర్ ఫిర్యాదు, 1766 ఆగస్టు 26 నాటి జవాబు, ఆ నెల చిట్టా, ఆ నెలలో యాత్ర నుంచి వచ్చిన కబుర్లు ఎదురెదురు పేజీల్లో ఉండాలి. అలా అచ్చయిన పుస్తకానికి మెకల్లం పెట్టిన పేరు పెట్టడం ఏ సంపాదకుడి వల్లా కాదు.