గ్రంథాలయోద్యమం – బొగ్గుబావుల చరిత్ర: పత్రపరిరక్షణలోని రాజకీయం

1. ఉపోద్ఘాతం

గ్రంథాలయం తటస్థమైన చోటని, గ్రంథపాలకుని పని పుస్తకాలను ఇచ్చిపుచ్చుకోవడమేనని సాధారణ భావన. తెలంగాణ చరిత్ర ఈ భావనను సమర్థించదు. నిజాం రాజ్యంలో రాజకీయ చైతన్యం వ్యాపించిన తొలి మార్గాలలో పఠనమందిరం ఒకటి. ఆ అనుభవం వెలుగులో రామగుండం–గోదావరిఖని బొగ్గుగని ప్రాంతపు కార్మికుల పత్రాల స్థితిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పఠనమందిరం నుండి ప్రజాసభకు

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు ప్రభృతుల కృషితో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం ఏర్పడింది. ఉర్దూ పాలనాభాషగా ఉన్న రాజ్యంలో తెలుగు పుస్తకాన్ని నలుగురికీ అందుబాటులో ఉంచడమే ఒక హక్కు ప్రకటన. 1921లో ఏర్పడిన ఆంధ్రజనసంఘం గ్రంథాలయ స్థాపనను తన కార్యక్రమంలో చేర్చుకుంది. 1929 నాటి గస్తీ నిషాన్ 53 సభలకు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసింది. సభ దుర్లభమైనచోట పత్రిక చదువుకునే గదికి కొత్త ప్రాధాన్యం వచ్చింది. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్రమహాసభకు భూమిక ఇలాగే సిద్ధమైంది. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి ఊరూరా తిరిగి పుస్తకాలు అమ్మారు, జైలుకూ వెళ్ళారు.

1955 హైదరాబాదు గ్రంథాలయ చట్టం, 1960 ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టం ఈ కృషికి నిధులను, వ్యవస్థను సమకూర్చాయి. అదే సమయంలో ఉద్యమ కార్యకర్త స్థానంలోకి ఉద్యోగి వచ్చాడు.

3. బొగ్గుబావుల కాగితాలు

1920లో నమోదైన సింగరేణి కాలరీస్ కంపెనీ 1945లో నిజాం ప్రభుత్వ ఆధీనంలోకి వచ్చింది. నేడు దానిలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. హాజరు, ఉత్పత్తి, ప్రమాదాల వివరాలను గనుల యాజమాన్యం నమోదు చేయక తప్పదు. కార్మికుల పక్షాన అటువంటి నిర్బంధం లేదు. గేట్ మీటింగులో పంచిన కరపత్రం, గోడపత్రిక, చేతిరాత వినతిపత్రం సమ్మె ముగియగానే చిత్తుకాగితాలవుతాయి.

నిర్బంధం ఈ నష్టాన్ని పెంచింది. 1981లో 56 రోజుల సమ్మె జరిగింది. సింగరేణి కార్మిక సమాఖ్య ఏర్పడింది కూడా ఆ ఏడాదే. 1992లో దానిపై నిషేధం విధించారు. కరపత్రం ఇంట్లో దొరకడమే ప్రమాదమైనప్పుడు దాన్ని దాచుకునేవారు అరుదు. ఆ లోటును కొంతవరకు సాహిత్యం పూరించింది. అల్లం రాజయ్య కథలు, పి.చందు ‘శేషగిరి’ నవల నేడు చరిత్ర పరిశోధకులకు ఆధారాలవుతున్నది అందుకే. అయితే కల్పన పత్రానికి తోడు కాగలదే తప్ప దాని స్థానాన్ని పూర్తిగా భర్తీ చేయలేదు.

పత్రం విలువ చరిత్రకే పరిమితం కాదు. వేరొకరి పేరుతో పనిలో చేరినవారి ‘మారుపేర్ల’ సమస్య సింగరేణిలో దీర్ఘకాలంగా ఉంది. కారుణ్య నియామకం కోరే వారసులు తమ తండ్రి ఎవరో కాగితాలతో రుజువు చేసుకోవలసి వస్తోంది. జీవితమంతా ఒక పేరుతో గనిలోకి దిగి, మరో పేరుతో ఇంట్లో బతికిన మనిషికి రికార్డే రెండవ జన్మ.

4. ముగింపు

ఏ కాగితాన్ని దాచాలి, దేన్ని వదలాలి అన్న నిర్ణయం రాజకీయ నిర్ణయమే. ఏమీ దాచకపోవడమూ తటస్థత కాదు. అది కంపెనీ దస్త్రానికే చరిత్రను అప్పగించడం. పెద్దపల్లి జిల్లా గ్రంథాలయాలలో స్థానిక చరిత్ర విభాగం ఉండాలి. అన్ని కార్మిక సంఘాల కరపత్రాలనూ భేదం లేకుండా అక్కడ సేకరించాలి. విశ్రాంత కార్మికుల మౌఖిక సాక్ష్యాలను వారి అనుమతితో నమోదు చేయాలి. మారుపేర్ల వంటి విషయాలలో గోప్యతను పాటించాలి. లేకుంటే పరిరక్షణే వారికి ప్రమాదకరం కావచ్చు. 2011 సకలజనుల సమ్మెలో బావుల్లో పని ఆపినవారు కూడా ఇప్పుడు పదవీ విరమణ పొందుతున్నారు. భాషానిలయం నాటి కార్యకర్తలు పాఠకుణ్ణి పుస్తకం దగ్గరకు చేర్చారు. నేటి గ్రంథపాలకుడు కార్మికుని కాగితాన్ని గ్రంథాలయానికి చేర్చవలసి ఉంది.