పుట్టి ఐదైతే తూము పావలా

గణిత చరిత్రల్లో త్రైరాశికానికి తిన్నని వంశవృక్షం కనిపిస్తుంది. 499లో ఆర్యభటుడు సూత్రం చెప్పాడు. 628లో బ్రహ్మగుప్తుడు ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అనే మూడు రాశులతో దాన్ని వివరించాడు. 9వ శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. పావులూరి మల్లన దాన్ని తెలుగు చేశాడు. 1150లో భాస్కరుడి లీలావతి వచ్చింది. ఇంత సరుకుకు ఇంత వెల అయితే అంత సరుకుకు ఎంత అని తేల్చే ఈ లెక్క అరబ్బుల మీదుగా ఐరోపా చేరి, అక్కడి వర్తకుల చేత ‘బంగారు సూత్రం’ అనిపించుకుంది. చివరికి మన బడి పుస్తకాల్లో ఏకవస్తు మార్గంగా, నిష్పత్తి–అనుపాతం పాఠంగా స్థిరపడింది.

మల్లన రాజరాజ నరేంద్రుడి కాలం వాడా, రెండు తరాల తర్వాతి వాడా అన్న వాదం పక్కన పెడితే ఈ వరుసలో పెద్ద చిక్కేమీ లేదు. చిక్కంతా వరుస చెప్పని చోట ఉంది. పండితుడు పద్యంలో బిగించిన సూత్రం సంతలో జొన్నలు కొలిపించుకునే మనిషి నోటికి ఎలా వచ్చింది? పై నుంచి కిందికి జారి వచ్చిందని చరిత్రకారులు ఊహించి వదిలేస్తారు. ఇబ్రహీంపట్నం లాంటి ఊళ్ల వైపు నుంచి చూస్తే ఆ ఊహ నిలవదు.

గోల్కొండను 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు మోస్తున్న ఈ ఊరు, పెద్ద చెరువుకు పేరుపడి, హైదరాబాదు నుంచి సాగర్ వెళ్లే దారిలో ఉంది. ఈ ప్రాంతపు పల్లెల్లో గింజలు కొలిచింది సోల, మానిక, కుంచం, తూములతో. ఇరవై తూములు పుట్టి. చేతిలో ఆడింది పదహారు అణాల రూపాయి. పుట్టి ధర ఐదు రూపాయలైతే తూము పావలా, పది రూపాయలైతే అర్ధరూపాయి. మణుగుకు నలభై సేర్లు లెక్కించే చోట మణుగు ఐదు రూపాయలైతే సేరు రెండణాలు, అంటే బేడ. ఇలాంటి మెట్టు ఒక్కటి గుర్తుంటే మిగతా ధరలన్నీ దాని మీదుగా ఎక్కొచ్చు, దిగొచ్చు. గుణించి భాగించే పని అప్పటికే కొలతల్లో జరిగిపోయి ఉంది.

తెలుగు భిన్నాలు కూడా ఈ నాణేలకు అచ్చుగా సరిపోయాయి. పావు, పావులో పావు వీసం, వీసంలో పావు కాని. రూపాయిలో వీసం వంతు అణా, అరవై నాలుగో వంతు పైసా. పావు, అర, ముప్పావు ఎక్కాలు వల్లించిన పిల్లవాడు త్రైరాశికమనే పేరు వినకుండానే ఆ పని చేసేవాడు.

దీనికి రాతలో ఉన్న సాక్ష్యం పొరుగుది. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదికలో తన జిల్లాలోని 533 బడుల గురించి రాశాడు. పిల్లలు ఇసుకలో వేలితో రాయడం, లెక్కలతో పాటు నాణేల, తూకాల, కొలతల పట్టికలు బట్టీ పట్టడం అందులో ఉన్నాయి. అర్థం తెలియకుండా వల్లిస్తారన్న ఫిర్యాదూ ఉంది. బళ్ళారి కంపెనీ ఏలుబడిలోది, ఇబ్రహీంపట్నం నిజాం రాజ్యంలోది కాబట్టి అక్కడి లెక్కను ఇక్కడికి అతికించడం తగదు. వీధిబడి ఏ గ్రంథాన్ని వదిలి ఏ పట్టికను పట్టుకుందో చెప్పడానికి మాత్రం అది చాలు.

నిజాం రాజ్యంలో ఇంకో బలమైన గురువు ఉంది. అది రెండు రూపాయల వాడకం. రాజ్యంలో చెల్లేది హాలీ సిక్కా, సరిహద్దు దాటితే బ్రిటిషు వారి కల్దారు. అధికారిక మారకంలో వంద కల్దారుకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ. చూడటానికి భయపెట్టే ఈ అంకె నిజానికి ఆరుకు ఏడు, అంతే. బెజవాడ నుంచి 42 కల్దారు రూపాయల సరుకు దింపుకున్న వర్తకుడికి ఇక్కడ అది 49 రూపాయల హాలీ పడింది. మార్కెట్లో మారకం అటూ ఇటూ కదిలేది కాబట్టి ఆరు–ఏడు లెక్క చేసి ఊరుకుంటే సరిపోదు, ఆనాటి తేడా కూడా కలుపుకోవాలి. పైగా మద్రాసు వైపు మణుగు అంటే ఎనిమిది వీశెలు, సుమారు 25 పౌన్లు. నలభై సేర్ల మణుగేమో 82 పౌన్ల పైమాటే. పేరు ఒకటే, బరువులో మూడింతల తేడా. సరిహద్దు వ్యాపారంలో ప్రతి బేరానికీ రెండు మూడు అనుపాతాలు పెనవేసుకుని ఉండేవి. పుస్తకాల్లో పంచరాశికం, సప్తరాశికం అనే లెక్కలు ఇవే.

అప్పటి సర్కారు బడి ఈ లెక్కను ఉర్దూలో ‘అర్బా ముతనాసిబా’గా నేర్పింది. ఇంట్లో పావు, అర. బజారులో చారాణా, ఆఠాణా. బడిలో అరబ్బీ పేరు. మూడూ ఒకటేనని చెప్పిన వాళ్లు తక్కువ. చారాణా కోడికి బారాణా మసాలా అన్న సామెత ఒకటికి మూడు నిష్పత్తిని ఏ పాఠం కన్నా బాగా ప్రచారం చేసింది. అణాలు పోయినా అది పోలేదు.

ఇదంతా చదివి పాతకాలంలో అందరూ నోటిలెక్కల దిట్టలని మురిసిపోవడం కూడా తప్పే. పట్టికలు షావుకారి నోట, పట్వారీ చేతిలో ఉన్నాయి. నాగుకు గింజలు తెచ్చుకున్న రైతు ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇవ్వాలని అందరికీ తెలుసు. అయితే తెచ్చిన కుంచం, ఇచ్చిన కుంచం ఒకటేనా అని అడిగే ధైర్యం ఎందరికి? కొలతపాత్ర ఎదుటివాడిదైనప్పుడు నిష్పత్తి తెలిసినా ఉపయోగం లేదు. దశాంశ పద్ధతికి బలమైన సమర్థన ఇక్కడే ఉంది. 1956 తూనికలు కొలతల చట్టం అందరికీ ఒకే కిలో ఇచ్చింది.

మార్పు మాత్రం సాఫీగా జరగలేదు. 1957 ఏప్రిల్ 1న రూపాయి వంద నయాపైసలైంది. అణాకు ఆరుంబావు రావాలి. పావు పైసా లేదు. మారకం పట్టికలో అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, పావలాకు 25 పైసలు. మూడు అణాలు విడివిడిగా మార్చుకుంటే 18, ఒకేసారి మార్చుకుంటే 19. సర్కారు పట్టికే అనుపాతం తప్పిన రోజులవి. 1958లో కిలో వచ్చాక మరో సర్దుబాటు: సేరు సుమారు 933 గ్రాములు కాబట్టి పదిహేను సేర్లకు పద్నాలుగు కిలోలు. ధర మార్చకుండా కొలత మార్చిన చోట, కొలత మార్చకుండా పేరు మార్చిన చోట ఎవరికో లాభం, ఎవరికో నష్టం.

నేడు ఇబ్రహీంపట్నంలో నోటిలెక్క బతికున్నది భూమి బేరాల్లో. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు, మొత్తం 4,840. రైతు గుంటల్లో అమ్ముతాడు, ప్లాటు గజాల్లో పోతుంది. గజం ధరను 4,840తో గుణించి పొంగిపోతే పొరపాటే. రోడ్లకూ ఖాళీ జాగాకూ పోయాక అమ్మడానికి మిగిలే గజాలు చాలా తక్కువ. ఆదిభట్ల పరిశ్రమల నీడలో ధరలు కదిలే ఈ ప్రాంతంలో ఆ తగ్గింపును ముందుగా లెక్కించేది మధ్యవర్తి. అప్పు కూడా అంతే. బ్యాంకు ఏడాదికి శాతం చెబుతుంది, ఊరు ‘రెండు రూపాయల వడ్డీ’ అంటుంది. నెలకు నూటికి రెండు, అంటే ఏడాదికి 24 శాతం. చిన్న అంకె వినిపించి పెద్ద అంకె వసూలు చేయడానికి ఈ మాట బాగా పనికొస్తుంది.

ప్యాకెట్ల దగ్గర పరిస్థితి మరీ విచిత్రం. 2021 సవరణతో నిర్ణీత సైజుల నిబంధన ఎత్తేశారు. కంపెనీ ఎన్ని గ్రాములైనా పెట్టొచ్చు. అందుకు విరుగుడుగా యూనిట్ ధర ముద్రించాలన్నారు. కిలోకు తక్కువైతే గ్రాముకు, ఎక్కువైతే కిలోకు, దశాంశ బిందువు తర్వాత రెండు స్థానాలకు సవరించి. 450 గ్రాముల పప్పు 56 రూపాయలనుకుందాం. ప్యాకెట్ మీద గ్రాము 0.12 అని ఉంటుంది. 1.2 కిలోలది 146 రూపాయలనుకుందాం. దాని మీద కిలో 121.67. చదివిన వాళ్లకు చిన్నది కిలో 120 పడినట్టు, చవకైనట్టు తోస్తుంది. విడిగా లెక్క వేస్తే దాని అసలు ధర కిలోకు 124 రూపాయల 44 పైసలు. చిన్న ప్యాకెట్‌కూ పెద్దదానికీ కిలో ధరే ముద్రించమంటే ఈ తేడా రాదు. నిబంధన ఆ ఒక్క మాట అనలేదు.